నాలుక మీద చూపు

"కత్తిపీట ఎక్కడ పెట్టారో చెబితే చెప్పండి. లేదంటే దొండకాయలు పళ్ళతో కొరికి ముక్కలు చేస్తా," అంది భ్రమరాంబ మూడోసారి.

"నేను తియ్యలేదని చెప్తున్నాగా," అన్నాడు పానకాలరావు. అతను ఆ మాట అనడమూ మూడోసారే.

"మరి దానికి కాళ్ళొచ్చి నడిచిపోయిందా? నిన్న సాయంత్రం గిన్నెల స్టాండు కింద పెట్టా. గోడకి రెండు జానల దూరంలో. నా చేత్తో నేనే పెట్టా."

"వాణ్ణెందుకు సాధిస్తావు? దాచింది నేను," అంది లోపలి గదిలోంచి అత్తగారు శేషారత్నం. "మొన్న వేలు తెగింది. నిన్న మోచెయ్యి కాలింది. రేపు ఇంకేం చేసుకుంటావో చూడటానికి నాకు ఓపిక లేదమ్మాయ్."

"మీరూ చూడబాకండి అత్తయ్యా. నేను చూస్తన్నానా ఏంది?"

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. భ్రమరాంబ జోకు వేస్తే ఇల్లంతా నవ్వడం పదకొండు నెలల కిందటి సంగతి.

పదకొండు నెలల కిందట ఆమెకు జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులుండి పోయింది. పోతూ పోతూ రెండు కళ్ళ నరాలనూ ఎండగట్టి పోయింది. కళ్ళు పైకి ఎప్పటిలాగే ఉన్నాయి. వాటి నుంచి మెదడుకు వెళ్ళే తీగ చచ్చిపోయిందనీ, దాన్ని బతికించే మందు ఎక్కడా లేదనీ డాక్టర్లు తేల్చి చెప్పారు.

గుంటూరు కొత్తపేటలో వాళ్ళ ఇల్లు మేడ మీద. కింద వాళ్ళదే కర్రీ పాయింటు. ఇరవై రెండేళ్ళుగా ఆమె పైన వండుతోంది, పానకాలరావు కింద అమ్ముతున్నాడు. ఆస్పత్రుల్లో తోడుండే వాళ్ళు, కోర్టు గుమాస్తాలు, హాస్టలు ఆడపిల్లలు, పదకొండున్నరకల్లా వరస కట్టేవారు. గోంగూర పప్పు, దొండకాయ వేపుడు, ములక్కాడ పులుసు. మధ్యాహ్నం రెండయ్యేసరికి బేసిన్లు కడిగి బోర్లించడమే.

ఆ వంటింటికి ఒక నియమం ఉంది. కూర దించి, అమ్మవారి పటం ముందు దొన్నెలో పెట్టేదాకా ఎవరూ రుచి చూడకూడదు. చిన్నప్పుడు పానకాలరావు వేలు ముంచి నాకాడని బిందెడు పులుసు కాలవలో పోయించిన మనిషి శేషారత్నం. అందుకే భ్రమరాంబ ఏనాడూ పొయ్యి దగ్గర ఉప్పు చూడలేదు. పులుసు ఉడికే చప్పుడు, ఆవిరి వాసన, గరిటె బరువు, వీటితోనే తెలుసుకునేది. ఏదన్నా తేడా ఉంటే మధ్యాహ్నం తను అన్నంలో కలుపుకున్నప్పుడు నాలుక చెప్పేది. మర్నాడు చెయ్యి ఆ మాట వినేది.

చూపు పోయాక మూడు నెలలు మంచం దిగలేదు. నాలుగో నెలలో ఒకరోజు గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, తడుముకుంటూ చారు పెట్టింది. ఆ చారు తాగి పానకాలరావు పక్క గదిలోకి వెళ్ళి ఏడ్చాడు. తరవాత ఒక కూర, ఆపైన రెండు. రోజుకు మూడు రకాల దాకా వచ్చింది. దేవుడు మళ్ళీ దారి చూపించాడనుకుంటూ ఉండగా నిన్న మూకుడు జరిగి, సలసల కాగే నూనె ఎడమ మోచేతి మీద పడింది.

"కొన్నాళ్ళు పొయ్యి జోలికి పోమాకే," అన్నాడు పానకాలరావు బతిమాలుతున్నట్టు. "మనిషిని పెడతా. నువ్వు పక్కన కుర్చీలో కూర్చుని చెబుదువుగాని."

"కుర్చీలో కూర్చుని చెప్పడానికి నేనేమన్నా టీవీలో వంటలమ్మనా?" అంది భ్రమరాంబ. "వంట చేసేటప్పుడు నాకు కళ్ళు లేవనే సంగతి గుర్తుండదండీ. కుర్చీలో కూర్చోబెడితే అదొక్కటే గుర్తుంటది."

ఆ వారమే కూతురు అలేఖ్య చీరాల నుంచి వచ్చింది. తనకు మూడో నెల అన్న కబురూ, మంగళగిరి దారిలో కొత్తగా కట్టిన పరిశోధనాలయం వాళ్ళు చూపు లేనివాళ్ళ కోసం వేసిన కాగితమూ ఒకే సంచీలో తెచ్చింది.

*

"కంటి దారి మూసుకుపోయిందమ్మా. మనం నాలుక దారిన పోదాం," అంది అక్కడి డాక్టర్ నస్రీన్.

ఆమె మాట్లాడుతుంటే గాజులు గలగలమనేవి. కుదురుగా ఒకచోట నిలబడే మనిషి కాదని భ్రమరాంబకు అర్థమైంది. కరివేపాకు రెబ్బలో ఒక ఆకంత పట్టీని తెచ్చి ఆమె వేళ్ళకు అందించింది నస్రీన్. సన్నగా, మెత్తగా, ఉల్లిపొరలా ఉంది.

"ఇది అంగిలికి అతికిస్తాం. కళ్ళజోడులో కెమెరా ఉంటుంది. అది చూసిందంతా ఈ పట్టీ మీ నాలుక మీద చుక్కలు చుక్కలుగా గుచ్చి చెబుతుంది. మొదట్లో గోలీసోడా తాగినట్టు చిటపటలాడుతుంది. మెదడు మొండిదేం కాదమ్మా. నెల, నెలన్నర పోతే ఇది రుచి కాదు, బొమ్మ అని అదే కనిపెడుతుంది."

భ్రమరాంబ అడిగిన మొదటి ప్రశ్న చూపు గురించి కాదు. "నాలుకకు రుచి ఉంటదా డాక్టరమ్మా?"

"ఇప్పటికి పదిమందికి పెట్టాం. ఎవరూ రుచి పోయిందని చెప్పలేదు."

ఆ పదిమందిలో ఒకరు లారీ డ్రైవరు, ఒకరు లెక్కల మాస్టారు, ఇద్దరు కాలేజీ పిల్లలు. పెట్టింది తిని లేచేవాళ్ళే అందరూ. వంట చేసేవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ సంగతి అప్పుడు నస్రీన్‌కూ తట్టలేదు, భ్రమరాంబకూ తట్టలేదు.

నలభై రోజులు నాలుక మంటలెత్తింది. రోజూ పొద్దున పానకాలరావు బస్సులో తీసుకెళ్ళేవాడు. ఎదురుగా చక్రం, చతురస్రం, కుర్చీ, చెయ్యి. ఒకటి పెడితే చిటపట ఒకలా, ఇంకోటి పెడితే ఇంకోలా. "ఇదేంటమ్మా?" "సోడా." "ఇదో?" "ఇదీ సోడానే. డబ్బులు తిరిగిచ్చెయ్యండి, పోతా." నస్రీన్ పకపకా నవ్వేది.

నలభై ఒకటో రోజు భ్రమరాంబ గదిలోకి వస్తూ వస్తూ ఆగిపోయింది.

"ఆ కిటికీకి ఊచలు అడ్డంగా పెట్టారేంటి? ఎవరైనా నిలువుగా పెడతారు గానీ," అంది.

అన్నాక తనే ఉలిక్కిపడింది. నస్రీన్ గాజుల చప్పుడు ఆగిపోయింది. పానకాలరావు చేతిలోని మందుల సంచీ కింద పడింది. అది పడటం ఆమె చూసింది.

*

పాత టీవీలో బొమ్మలా గీతలు గీతలుగా ఉండేది ఆ చూపు. అయినా చూపే. ఎరుపు నాలుక కొసన తెలిసేది, ఆకుపచ్చ అంచుల్లో, తెలుపు నడిమధ్యన. ఇంటికొచ్చి అత్తగారి మొహం చూసి, "ఇంత ముసలివాళ్ళయ్యారేంటి అత్తయ్యా ఏడాదిలో!" అని భోరుమంది. "నీ చాకిరీ చేసే అయ్యానే," అని ఆవిడా ఏడ్చింది.

ఇంకో చిత్రం జరిగింది. చూసినవల్లా నోట్లోకి రావడం మొదలైంది. ఎర్ర చీర కనపడితే పండుమిరప పచ్చడి నాలుకకు తగిలినట్టుండేది. కొబ్బరికాయల లారీ వెళ్తే లేత కొబ్బరి తీపి. ఇదంతా నోరూరడమే అనుకుంది. వంటచేసే మనిషికి, ఏడాది చీకట్లో ఉన్నదానికి, ఊరదా మరి? నస్రీన్ వారం వారం "తిండి రుచిగా ఉందా అమ్మా?" అని కాగితం మీద టిక్కు పెట్టుకునేటప్పుడు, "ముందటికన్నా బాగుంది," అని చెప్పేది. నిజమనుకునే చెప్పింది.

రెండో నెల నిండేసరికి పొయ్యి మళ్ళీ ఆమె చేతికి వచ్చింది. కర్రీ పాయింటు బోర్డుకు పానకాలరావు కొత్త రంగు వేయించాడు. పెద్ద మూకుళ్ళు, ఏడు రకాలు. ఆమె చెయ్యి ఇప్పుడు చప్పుడుకూ ఆవిరికీ ఆగేది కాదు. చూపు వచ్చిన సంబరంలో చెవీ ముక్కూ పక్కకు తప్పుకున్నాయి. పులుసు రంగు కుదిరిందంటే ఉప్పు కుదిరినట్టే అనిపించేది. ఇంకాస్త ఎరుపు తిరిగితే బాగుండనిపిస్తే ఇంకో గరిటె కారం. గుత్తివంకాయ మీద నూనె తేలి నిగనిగలాడుతుంటే నోట్లో అమృతం పోసినట్టుండేది.

మధ్యాహ్నం అందరితో కూర్చుని ఆ కూరే కలుపుకునేది. అద్భుతంగా ఉండేది.

"ఎట్టా ఉంది?" అని అడిగేది.

"బాగుంది," అనేవాడు పానకాలరావు గ్లాసు ఎత్తి నీళ్ళు తాగుతూ.

"బాగానే ఉందమ్మాయ్," అనేది అత్తగారు.

*

నాలుగో నెల దాటాక ఒక గురువారం పొద్దున, బేసిన్లన్నీ కిందికి పంపి, చెమట తుడుచుకుంటూ భ్రమరాంబ మెట్ల మలుపు దగ్గర కిటికీలోంచి కిందికి చూసింది. ఊరికే చూసింది. కొట్టు వెనక భాగం కనిపిస్తుంది అక్కడి నుంచి.

శేషారత్నం ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. ముందు ఏడు బేసిన్లు. చేతిలో చెంచా. మొదటి దాంట్లో ముంచి నోట్లో పెట్టుకుంది. మొహం ముడుచుకుని తూములో ఉమ్మింది. కొడుకుతో ఏదో చెప్పింది. పానకాలరావు పక్క స్టవ్వు మీద మరిగే నీళ్ళు రెండు చెంబులు ఆ బేసిన్లో పోసి కలిపాడు. రెండో బేసిన్లో ముంచింది ఆవిడ. అతను ఉప్పు పోశాడు. మూడో దాంట్లో నిమ్మకాయలు పిండాడు, అర డజను. చాలా రోజులుగా చేస్తున్న పనిలా, మాటల్లేకుండా, చకచకా.

కొట్టు గోడకున్న అమ్మవారి పటం ముందు దొన్నె ఖాళీగానే ఉంది. ఇంకా ఎవరూ అందులో ఏమీ పెట్టలేదు.

భ్రమరాంబ నోట్లో ఇనుము కొరికినట్టయింది. మెట్లు దిగింది. చూపు ఉండి కూడా రెండుసార్లు గోడ పట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

పానకాలరావు చేతిలో నిమ్మచెక్క అలాగే ఉండిపోయింది.

"మిమ్మల్నేనండీ. ఎన్నాళ్ళ నుంచి?"

"దసరా ముందు నుంచి," అన్నాడు తల వంచుకుని. "మొదట్లో ఒకటీ అరా తేడా వచ్చేది. తర్వాత రోజూ... హాస్టలు పిల్లలు మానేశారు. కోర్టు గుమాస్తా అయితే ప్యాకెట్టు తెచ్చి నా ముందే పారబోశాడు. నీకెట్టా చెప్పమంటావు?"

"నోటితో! నోటితో చెప్పాలి! రోజూ నా ఎదురుగా కూర్చుని బాగుంది బాగుంది అని మింగారే, దానికి మాత్రం నోరొచ్చిందా?"

"అరవమాక, వాడి మీద," అంది శేషారత్నం. చెంచా ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. "చెప్పొద్దన్నది నేను. ఏడాది తర్వాత నీ మొహంలో కళ చూశా. ఆ కళ మీద నీళ్ళు చల్లడానికి నాకు నోరు రాలేదు."

"నీళ్ళు నా పులుసులో పోస్తున్నారు కదా అత్తయ్యా, చెంబులకు చెంబులు! ఇరవై రెండేళ్ళు ఉప్పు చూడనివ్వలేదు మీరు నన్ను. ఇప్పుడు అమ్మవారికి పెట్టకముందే ఎంగిలి చేస్తున్నారా? అదీ నా కూరని?"

"చేస్తున్నా," అంది ఆవిడ. "ఆ పాపమేదో నేనే పడతా. నీ పేరు పోతే మళ్ళీ రాదు."

భ్రమరాంబ ఆ చెంచా లాక్కుని ములక్కాడ పులుసులో ముంచి నోట్లో పెట్టుకుంది. చక్కటి పులుసు. ఉప్పూ పులుపూ సరిపోయాయి. ఇంతకన్నా ఎవరు బాగా చేస్తారు?

"బాగుందే!" అంది. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మొదటిసారి ఆమెకు భయమేసింది. కళ్ళజోడు తీసేసింది. చీకటైంది. చీకట్లోనే ఇంకో చెంచా ముంచి తిన్నది.

వేడిగా ఉంది. చిక్కగా ఉంది. నాలుకకు ఇంకేమీ లేదు.

*

నస్రీన్ బల్ల మీద నాలుగు గాజు గ్లాసులు పెట్టింది.

"జోడు పెట్టుకుని తాగండమ్మా. ఒక్కొక్కటే."

మొదటిది ఎర్రగా ఉంది. "అబ్బ, కారం," అంది భ్రమరాంబ. రెండోది పాలలా ఉంది. "తియ్యగా ఉంది." మూడోది పచ్చగా ఉంది. "మామిడికాయ పులుపు." నాలుగోది మామూలు నీళ్ళలా ఉంది. "నీళ్ళే."

నస్రీన్ ఆమె కళ్ళజోడు తీయించింది. ఆ గ్లాసులు తీసేసి, వేరే నాలుగు ఒక్కొక్కటే చేతికిచ్చింది.

"నీళ్ళు. ఇదీ నీళ్ళే. నీళ్ళు. ఇది..." మింగగానే పళ్ళు జివ్వుమన్నాయి. ఒళ్ళు జలదరించింది. నాలుక మాత్రం ఏమీ అనలేదు. "ఇదేంటి డాక్టరమ్మా?"

"నిమ్మ ఉప్పు. చెంచాడు కలిపాను." అంది నస్రీన్. "ఇందాక మీరు తియ్యగా ఉందన్నది గంజి, అందులో గుప్పెడు ఉప్పు. కారమన్నదీ పులుపన్నదీ ఉత్త రంగు నీళ్ళు."

పానకాలరావు కుర్చీ కిర్రుమంది.

"నాలుక సంగతి చూసుకునే చోటొకటి ఉంటుందమ్మా మెదడులో. అక్కడ చూపును కాపురం పెట్టాను నేను. అద్దెకొచ్చిన వాళ్ళు గదులన్నీ ఆక్రమిస్తారని తెలుసుకోలేకపోయాను. ఇప్పుడు వాసన ఒక్కటే నిజంగా అందుతోంది మీకు. మిగతాదంతా కన్ను చెబుతోంది. బాగున్నట్టు కనపడితే బాగున్నట్టే."

"మరి వారం వారం పరీక్షలు చేశారుగా?"

"చేశాం. చెంచాలో పంచదార చూపించి, ఇదెలా ఉందని అడిగాం." ఆ టిక్కుల కాగితాలు బల్ల మీద పెట్టింది. "జోడు తీయించి అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. పదిమందిలో ఎవరినీ అడగలేదు. మీరు ఫోన్ చేశాక నిన్న సాయంత్రం అందరినీ పిలిపించాను. లెక్కల మాస్టారికీ పోయింది. ఆయనకు నిన్నటిదాకా తెలియదు, చెబితే ఫరవాలేదు లెండి అన్నారు."

"నాకు ఫరవా ఉంది," అంది భ్రమరాంబ.

"తెలుసమ్మా."

దారులు రెండే ఉన్నాయి. పట్టీ ఉంచేస్తే ఆరో నెల నిండేసరికి రుచి శాశ్వతంగా పోతుంది. చూపు ఇంకా తేటపడుతుంది, కొన్నాళ్ళకు అక్షరాలు కూడా చదవచ్చు. ఆలోపు తీసేస్తే చూపు వెంటనే పోతుంది. ఆ పదిమందిలో ఇద్దరికి ఇదివరకు తీసి మళ్ళీ పెట్టి చూశారు. రెండోసారి సూదులు గుచ్చినట్టుందే తప్ప బొమ్మ రాలేదు.

"తీసేస్తే రుచి వస్తదా?"

"రావచ్చు. సగమే రావచ్చు. అసలు రాకపోనూ వచ్చు. మీకు అబద్ధం చెప్పలేను."

బస్సులో తిరిగి వస్తూ భ్రమరాంబ కిటికీలోంచి చూస్తూనే ఉంది. మిరప కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. నోరంతా కారం. అది అబద్ధపు కారమని తెలిశాక కూడా కంట్లో నీళ్ళు తిరిగాయి.

*

ఆ తరవాతి రోజులు ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

కొలిచి వండమంది అలేఖ్య. ఏడో నెల సూడిదలయ్యాక పురిటికి వచ్చి ఉంది. గ్రాముల త్రాసు కొనుక్కొచ్చింది, కాగితం మీద గీతలు గీసి ఇచ్చింది. భ్రమరాంబ చెప్పినట్టే చేసింది. మొదటి రోజు కుదిరింది. రెండో రోజు చింతపండు పాతది, పులుపెక్కువ. మూడో రోజు టమాటాలు మదనపల్లె నుంచి వచ్చాయి, వాటికి పులుపే లేదు. త్రాసుకు అవన్నీ ఒకటే.

"నేను చూసి చెబుతాగా," అంది శేషారత్నం. "నా నాలుక ఇంకా బాగానే ఉంది."

"మీ నాలుకతో నేను వండేదేంటి అత్తయ్యా? అప్పుడది మీ వంట. నేను గరిటె తిప్పే మనిషిని."

ఒకరోజు పట్టపగలు, అందరూ కింద ఉండగా, ఆమె వంటింటి తలుపు వేసుకుంది. జోడు తీసి పక్కన పెట్టింది. ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి నోట్లో వేసుకుంది. ఇసక. బెల్లం కొరికింది. మట్టిగడ్డ. కారం పొడి వేసుకుంది. ముక్కు కారింది, గొంతు భగ్గున మండింది, నాలుక రాయిలా పడి ఉంది. పోపుల పెట్టెలో ఉన్నవన్నీ వరసగా నమిలింది. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి. మెంతులు నమిలితే చేదు రావాలి. చిన్నపిల్లలు కూడా ఉమ్మేసే చేదు. ఆ చేదు కోసం ఆమె నేల మీద కూలబడి గుప్పిళ్ళు గుప్పిళ్ళు నమిలింది.

అలేఖ్య తలుపు తోసుకుని వచ్చేసరికి నోటి చుట్టూ కారం, ఒళ్ళో మెంతులు, తల్లి కళ్ళు ఎటో చూస్తున్నాయి.

"అమ్మా! ఏందమ్మా ఇది?"

"చేదు కూడా లేదే, అలేఖ్యా. చేదన్నా మిగల్లేదు."

కూతురు తడిగుడ్డ తెచ్చి తల్లి మూతి తుడిచింది. బరువైన పొట్టతో కష్టంగా పక్కన చతికిలబడింది. 

"నేనే కదా ఆ కాగితం తెచ్చింది," అంది.

"నువ్వు తెచ్చావు. నేను పెట్టించుకున్నా."

"ఉంచేసుకో అమ్మా. వంట పోతే పోనీ. అందరూ వంట చేసే బతుకుతున్నారా? నాకు ఇంకో రెండు నెలలే. నీకున్నది మూడు వారాలు. ఆగలేమా అంటే ఆ డాక్టరు ఆగకూడదంటది." తల్లి చెయ్యి పట్టుకుంది. "నా బిడ్డని ఒక్కసారి చూడవా నువ్వు? ఒక్కసారి?"

భ్రమరాంబ తడుముకుని జోడు పెట్టుకుంది. ఎదురుగా కూతురి మొహం గీతలు గీతలుగా తేలింది. చెంపలు ఉబ్బి, పెదవులు పగిలి, అచ్చం తన తల్లి పోలిక. కారం అంటిన చేత్తో తాకబోయి వెనక్కి తీసుకుంది.

పానకాలరావు ఒక్కసారే ఆ మాట ఎత్తాడు, అదీ కొట్టు కట్టేశాక, తాళంచెవులు చేతిలో తిప్పుకుంటూ.

"నాకు నీ కూర లేకపోయినా ఫరవాలేదే. నువ్వు నన్ను చూస్తుంటే చాలు."

"నాకు చాలదండీ," అంది ఆమె.

"రెండూ పోతే? పట్టీ తీసేసి, రుచి రాక... ఏం చేస్తావు అప్పుడు?"

"నాకు తెలీదు."

"తెలీకుండా ఎట్టా దూకుతావు?"

"దూకుతానని నేను అన్లేదుగా ఇంకా," అంది. కానీ ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం వంక చూడలేకపోయింది. చూస్తే వగరుగా ఉంటోంది. పచ్చి వెలగకాయంత వగరు. ఇరవై ఏడేళ్ళు కాపురం చేసిన మనిషి మొహానికి ఆ రుచి ఎవరు పెట్టారు? అతనా, తనా, ఆ పట్టీనా? ఏది తనది, ఏది పట్టీది అని విడదీసుకునే దారే లేదు. అత్తగారి నవ్వు తియ్యగా ఉందంటే ఆవిడ మంచిగా ఉందనా, లేక పమిట పసుపు రంగుదనా? ఏడాది చీకట్లో ఉన్నప్పుడు కూడా ఆమెకు ఇంత చీకటిగా అనిపించలేదు. ఆ చీకట్లో కనీసం చారు చారులా ఉండేది.

*

ఆరో నెల నిండటానికి నాలుగు రోజులుందనగా ఆదివారం వచ్చింది. కొట్టుకు సెలవు. అల్లుడు కూడా చీరాల నుంచి వచ్చాడు. అన్నం, ముద్దపప్పు, చారు అలేఖ్యే చేసింది. అందరూ వరసగా కూర్చున్నారు. భ్రమరాంబ వడ్డించింది. అందరికీ నెయ్యి వేసింది. తన విస్తరి ముందు కూర్చుని, అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండా, "రేపు పదింటికి నస్రీనమ్మ దగ్గరికి పోతున్నా," అంది.

పానకాలరావు చెయ్యి విస్తట్లోనే ఆగింది.

"నిన్న ఫోన్ చేసి చెప్పా. తీయించుకుంటా."

 శేషారత్నం కొంగుతో మూతి మూసుకుంది. అల్లుడు భార్య వంక చూశాడు.

"రుచి రాకపోతే ఏం చేస్తావని మీరు అడిగారు," అంది భర్త వైపు తిరిగి, నెమ్మదిగా, ఎప్పుడూ వంట సామాను చెప్పే గొంతుతోనే. "రాకపోతే రెండూ లేనిదాన్నవుతా. భయంగానే ఉంది. రాత్రుళ్ళు చెమటలు పడుతున్నాయి. అయినా పోతా. ఎంత వస్తే అంతతోనే మొదలుపెడతా. ఒక్క చారే వస్తే చారే అమ్ముదాం. చేతులు కాలతాయి. కాలనివ్వండి. కత్తిపీటలు దాచబాకండి. ఇంకోటి, నేను వండింది బాగాలేకపోతే బాగాలేదని నా మొహం మీద చెప్పండి. జాలిపడి మింగితే మాత్రం మీతో మాట్లాడను."

"అట్టాగే," అన్నాడు పానకాలరావు. అతని గొంతు అతనికే వినిపించినట్టు లేదు.

అలేఖ్య తల వంచుకుని ఉంది. కన్నీళ్ళు చారులో పడుతున్నాయి. భ్రమరాంబ ఎడమ చేత్తో కూతురి గడ్డం పట్టుకుని పైకెత్తి, తలదువ్వేటప్పుడు పాపిట చూసుకున్నట్టు, ఆ మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నీ బిడ్డని నేను చూడను," అంది. "పుట్టాక ఎట్టా ఉన్నాడో నువ్వే చెప్పాలి నాకు. మీ నాన్న చప్పిడి ముక్కొస్తే, ఆ ముక్కే వచ్చిందని చెప్పు. బాగున్నాడు, బాగున్నాడు అని దాచమాక."